ముద్ద నమిలిన గురప్ప

చిక్కపేటలో చీరల గురప్పను ఎరగనివాళ్లు లేరు. పొద్దున తొమ్మిదికి అంగడిలో తెల్లదుప్పటి పరిచిన మెత్త మీద కూర్చుంటే, సాయంత్రం దీపాలు పెట్టేదాకా లేచేవాడు కాదు. కావలసిన చీర గుమాస్తా తీసేవాడు. కావలసిన కాఫీ ఎదురుగా ఉన్న హోటలు నుంచి లోటాల్లో వచ్చేది. కాఫీ ఒంటరిగా రావడం శుభం కాదని దానికి తోడుగా రెండు ఉద్దివడలు, అప్పుడప్పుడు వెన్న వేసిన దోసె వచ్చేవి. నలభై ఆరేళ్లు వచ్చేసరికి ఆ మెత్త మీద ఇంకొకరు కూర్చోవడానికి చోటు మిగల్లేదు.

ఇల్లు బళేపేటలో. అంగడికి నడిస్తే నోట్లో వక్క నలిగేంత దూరం. అయినా గురప్ప జట్కాలోనే పోయేవాడు. చీరల సావుకారు కాళ్లీడ్చుకుంటూ పోతే చూసినవాళ్లు ఏమనుకుంటారని ఆయన బాధ. ఆ జట్కా చిక్కమునియప్పది. పన్నెండేళ్లుగా పొద్దునా సాయంత్రమూ అదే బేరం.

ఇంగ్లీషువాళ్ల సీమలో యుద్ధం మొదలైన రెండో ఏడు, ఆషాఢంలో ఒక పొద్దున గురప్ప ఎప్పటిలాగే జట్కా వెనక మెట్టు మీద కాలు పెట్టాడు. బండి వెనక్కి వాలింది. నొగలు పైకి లేచాయి. నొగలతో పాటు గుర్రం కూడా లేచింది. ముందుకాళ్లు రెండూ గాలిలో ఆడిస్తూ అది బళేపేట మేడల వంక బిత్తరచూపులు చూసింది.

"సావుకారూ, దిగండప్పా! గుర్రం ఆకాశానికి పోతా ఉండాది!" అని చిక్కమునియప్ప నొగ పట్టుకుని వేలాడాడు.

దిగుదామంటే గురప్పకు కాలు అందలేదు. మూటలు మోసే కూలీలు నలుగురు పరుగెత్తుకొచ్చి, ఇద్దరు గుర్రాన్ని కిందికి, ఇద్దరు గురప్పను బయటికి లాగారు. బజారంతా నవ్వింది. పూలమ్మే ముసలమ్మ అయితే బుట్ట దింపి, తీరుబడిగా కూర్చుని నవ్వింది. ఆ రోజు గురప్ప అంగడికి నడిచే పోయాడు. చూసినవాళ్లు ఏమనుకుంటారోనన్న బెంగ ఇక అక్కర్లేకపోయింది. వాళ్లు అనుకోవలసిందంతా అప్పటికే అనుకున్నారు.

మర్నాడు డాక్టరు అశ్వత్థప్ప దగ్గరికి పోయాడు. డాక్టరు ఆయన్ను తూకంయంత్రం మీద నిలబెట్టి, ముల్లు నిలిచేదాకా కాచుకుని, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"రెండు వందల పద్దెనిమిది పౌన్లు. గురప్పా, మీకు రోగమేమీ లేదు. తిండి ఎక్కువ, నడక తక్కువ. అంతే."

"మందు రాయండి డాక్టరయ్యా. ఎంత చేదైనా తాగుతా."

"మందు లేదు. అలవాట్లు మార్చుకోవల్ల," అని డాక్టరు ఒక చీటీ రాసిచ్చాడు. తెల్లారి లాల్‌బాగ్ తోట దాకా నడక. రోజుకు రెండే లోటాల కాఫీ. మధ్యాహ్నం అన్నం మాని రాగిముద్ద, ఆకుకూర. చివర కింద గీత గీసి మరీ రాసిన మాట: ప్రతి కబళమూ ముప్పైరెండు సార్లు నమలవలెను, నమిలేటప్పుడు మాట్లాడరాదు.

"ముప్పైరెండేంటికి?"

"నోట్లో పండ్లెన్ని?"

గురప్ప నాలుకతో లెక్కపెట్టుకున్నాడు. "ఇరవైతొమ్మిది."

"అయినా ముప్పైరెండే," అన్నాడు డాక్టరు.

గురప్ప ఏ పనైనా సగంసగం చేసే మనిషి కాదు. దోసెలు ఎంత నిష్ఠగా తిన్నాడో అంత నిష్ఠగా మానాలనుకున్నాడు. చీటీని దేవుడి పటం పక్కన అతికించి, దానికి కూడా ఒక ఊదుబత్తి చూపించాడు.

ఆ చీటీ చూసి అందరికంటే సంతోషించింది ఆయన భార్య కెంపమ్మ. ఆమె మాలూరు పక్క రైతుల ఇంటి పిల్ల. పుట్టింట్లో మూడు పూటలా రాగిముద్దే. అత్తింటికి వచ్చి ఇరవై నాలుగేళ్లయినా, అది కూలోళ్ల తిండని గురప్ప ముఖం తిప్పుకోవడంతో తనొక్కదానికే ఇంత ముద్ద చేసుకుని వంటింటి మూల కూర్చుని తినేది. ఇప్పుడు కొంగు బిగించి, పెద్ద కుండ పెట్టి, తెడ్డుతో గెలికి గెలికి, నున్నగా రెండు ముద్దలు కట్టింది. చెంచలికూర ఉడికించిన నీళ్లతో మిరియాలూ వెల్లుల్లీ నూరి సారు కాచింది. ముద్ద కోసమని మధ్యాహ్నం అంగడి వదిలి ఇంటికి వచ్చిన భర్త విస్తరిలో ముద్ద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

గురప్ప ముద్ద తుంచి, సారులో ముంచి, నోట్లో పెట్టుకుని, ఎడమచెయ్యి పైకెత్తి వేళ్లు ఒక్కొక్కటే విప్పసాగాడు.

"ఏం చేస్తా ఉండారు?"

గురప్ప గోడ మీద చీటీ వంక చూపించాడు.

"అయ్యో, ముద్దని ఎవురన్నా నములుతారా? గుటుక్కున మింగల్ల! ముద్దకి పండ్లు చూపిస్తే దానికి కోపం వస్తాదని మా తాత చెప్తా ఉండె."

తాత చెప్పింది నిజమే. పదో నములుడుకు ముద్ద పైపళ్లకు అంటుకుంది. పదిహేనుకు కిందిపళ్లకూ అంటుకుంది. పద్దెనిమిదికి గురప్ప నోరు తెరుచుకోలేదు, మూసుకోలేదు. ఇరవై దగ్గర లెక్క తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పన్నెండు గంటలకు కూర్చున్న మనిషి రెండున్నరకు లేచాడు. దవడలు నొప్పెట్టి ఆ సాయంత్రం బేరమంతా సైగలతోనే చేశాడు.

"మింగండప్పా, మీకు పుణ్యముంటాది," అని కెంపమ్మ రోజూ బతిమాలింది.

"నువ్వు డాక్టరువా, ఆయన డాక్టరా?" అని గురప్ప రోజూ అడిగాడు. అడగడానికి ముందు నోట్లోది అయిపోవాలి కాబట్టి ఆ జవాబు రావడానికి కొంచెం ఆలస్యమయ్యేది.

నడక సంగతి ఇంకో తీరు. గురప్ప నడవడం మొదలుపెట్టాక చిక్కమునియప్పకు దిగులు పట్టుకుంది. పన్నెండేళ్ల బేరం నాలుగు రోజుల్లో వెనక్కి వస్తుందని నమ్మి, రోజూ తెల్లారి ఖాళీ జట్కాతో గురప్ప వెనకే బయల్దేరేవాడు. కలాసిపాళ్యం దగ్గర ఒకసారి వంగి అడిగేవాడు.

"ఆయాసం వచ్చిందా సావుకారూ?"

"రాలే."

పది బారలు పోయాక, "ఇప్పుడు?"

"రాలేదంటి కదప్పా!"

"వస్తే చెప్పండి. నేను ఈడే ఉండా."

ముందు ఒక సావుకారు కాలినడకన, వెనక ఖాళీ బండి. చూసినవాళ్లు ఇదేదో మొక్కు అనుకున్నారు. ఒకావిడ ఎదురొచ్చి గుర్రానికి పసుపుకుంకుమలు కూడా పెట్టింది. ఈ బాధ పడలేక గురప్ప అడుగు పెంచాడు. గుర్రమూ పెంచింది. గురప్ప సందులో దూరాడు. గుర్రం సందు చివర నిలబడి కనిపించింది. నెలరోజులు ఇలా జట్కాకు చిక్కకుండా తిరిగేసరికి, తనకే తెలియకుండా ఆయన రోజుకు ఐదు మైళ్లు నడుస్తున్నాడు. బరువు లేక గుర్రం బలిసింది.

శ్రావణంలో నగర్తపేటలో జరీ వ్యాపారి నంజప్ప కూతురి పెళ్లి వచ్చింది. నంజప్ప గురప్పకు చిన్ననాటి స్నేహితుడు, పోక తప్పదు. బంతిలో కూర్చునేముందే గురప్ప ఒట్టు పెట్టుకున్నాడు: ఒబ్బట్టు ఒకటి, అంతకు మించి ముట్టను.

పూర్ణం నిండిన ఒబ్బట్టు వచ్చింది. దాని మీద నెయ్యి పారింది. గురప్ప ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, అలవాటుగా ఎడమచెయ్యి ఎత్తి లెక్క మొదలుపెట్టాడు. మూడో వేలు విప్పేసరికి వడ్డించే మనిషి ఎదురుగా వచ్చాడు. ఎత్తిన చేతిలో మూడు వేళ్లు చూసి, ఎంత ముచ్చటగా అడుగుతున్నాడో అనుకుని, విస్తరిలో మూడు ఒబ్బట్లు వేశాడు.

గురప్ప కళ్లు తెరిచి ఉలిక్కిపడ్డాడు. నోరు విప్పి వద్దనడానికి లేదు, డాక్టరు ఆజ్ఞ. ఐదువేళ్లూ చాచి, ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఐదా! తినండి సామీ, తినేవాళ్లకు పెట్టడమే భాగ్యం," అని వడ్డించే మనిషి ఇంకో ఐదు వేశాడు.

అది చూసి పెళ్లిపెద్ద నంజప్ప కళ్లు చెమర్చాయి. పరుగున వచ్చి గురప్ప ముందు నిలబడ్డాడు. "గురప్పా, నా ఇంటి ఒబ్బట్టు నీకింత నచ్చిందా! ఇప్పుడు ఒక్కటి మిగిలిచ్చినా నా మీద ఆన!"

ఆన పెట్టాక ఇంకేముంది. మొత్తం తొమ్మిది ఒబ్బట్లు. ఒక్కో ఒబ్బట్టు ఎనిమిది ముక్కలు. ఒక్కో ముక్క ముప్పైరెండు నములుళ్లు. బంతిలో అందరూ తిని, మజ్జిగ తాగి, చేతులు ఎండబెట్టుకుని కూర్చున్నారు. ఒకరు తింటుండగా మిగతావాళ్లు లేవడం మర్యాద కాదు. రెండో బంతికి నిలబడ్డ మగపెళ్లివారు స్తంభాలకు ఆనుకున్నారు. అందులో పెళ్లికొడుకు తాత ఒకాయన ఆకలికి తాళలేక ముందుకొచ్చి గురప్పను తేరిపార చూశాడు.

"ఏమప్పా, తింటా ఉండావా, నెమరేస్తా ఉండావా?"

గురప్ప నాలుగు వేళ్లు చూపించాడు. అంటే ఇరవై నాలుగు అయ్యాయని. వడ్డించే మనిషి మళ్లీ పళ్లెంతో బయల్దేరుతుంటే, ఆడవాళ్ల బంతిలోంచి కెంపమ్మ లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత రెండు రోజులు గురప్ప మంచం దిగలేదు. కడుపులో ఒబ్బట్లు ఒక్కొక్కటే పేరు చెప్పి పలకరిస్తున్నాయి. మూడో రోజు కెంపమ్మ తెల్లవారే లేచి, ముద్ద కట్టి, సారు కాచి, రెండూ గిన్నెల్లో సర్ది, గోడ మీది చీటీ ఊడదీసి కొంగున ముడేసుకుని, నీరసంగా ఉన్న భర్తను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి నడిచింది.

గదిలో పదిమంది రోగులున్నారు. కెంపమ్మ పెళ్లిలో జరిగిందంతా చెప్పి, బల్ల మీద మందుసీసాలు పక్కకు జరిపి గిన్నెలు పెట్టింది.

"డాక్టరయ్యా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. మీరు ఎప్పుడన్నా ముద్ద తిన్నారా?"

అశ్వత్థప్ప ఇబ్బందిగా దగ్గాడు. ఆయనది మూడు తరాలుగా సన్నబియ్యం తిన్న ఇల్లు. "తినలేదమ్మా. కానీ రాగుల్లో ఎంత సత్తువ ఉండాదో పుస్తకాల్లో..."

"పుస్తకాలు కాదు. ఇదో, తినండి. మీరు రాసినట్లనే, ముప్పైరెండు."

పదిమంది రోగులు చూస్తుండగా కాదనలేక డాక్టరు ముద్ద తుంచి సారులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని కెంపమ్మే గట్టిగా లెక్కపెట్టింది. పది దగ్గర డాక్టరు కనుబొమలు ముడుచుకున్నాయి. పదిహేడు దగ్గర దవడ ఆగిపోయింది. అప్పుడే ఒక రోగి, "అయ్యా, మాత్రలు పొద్దున మింగల్లా, మాపున మింగల్లా?" అని అడిగాడు. డాక్టరు జవాబు చెప్పబోయాడు. "మ్మ్" అని మాత్రం వచ్చింది. ఆ మనిషి దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో, దండం పెట్టి వెళ్లిపోయాడు.

"ఇప్పుడు మింగి చూడండి," అంది కెంపమ్మ, ఇంకో కబళం సారులో తిప్పి అందిస్తూ.

నోరు కడుక్కుని వచ్చి డాక్టరు మింగాడు. అది జారి పోయింది. ఆయన ముఖం విప్పారింది. ఇంకో కబళం తుంచుకున్నాడు. తర్వాత ఇంకోటి. గిన్నె ఖాళీ అయ్యాక చీటీ అడిగి తీసుకుని, కింద గీత గీసిన వాక్యం పక్కన ఎర్రసిరాతో రాశాడు: ముద్దకు మినహాయింపు. పెళ్లిళ్లలో చెయ్యి ఎత్తరాదు.

ఆ తర్వాత తూకంయంత్రం మీద గురప్పను నిలబెట్టాడు. తొమ్మిది ఒబ్బట్లు తిన్నాక కూడా పద్నాలుగు పౌన్లు తగ్గాడు.

మరుసటి ఏడు బియ్యం దొరకడం కష్టమై బళేపేటలో చాలా ఇళ్లలో రాగులు చేరాయి. ముద్ద ఎలా కట్టాలో, ఎలా మింగాలో నేర్చుకోవడానికి ఆడవాళ్లు కెంపమ్మ వంటింటికి వచ్చేవారు. ఆమె ఇక మూల కూర్చుని తినలేదు. గురప్ప కాఫీ రెండు లోటాల దగ్గరే నిలిచింది. లోటా మాత్రం కొంచెం పెద్దది కొన్నాడు.

కెంపమ్మ కూడా తెల్లారి నడకకు రావడం మొదలుపెట్టింది. పెళ్లో చావో రోగమో లేకుండా ఇద్దరూ కలిసి గడప దాటడం పెళ్లయినాక అదే మొదలు. లాల్‌బాగ్ బండ దగ్గరికి రాగానే ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని, పుట్టింటి గుట్టలు ఎక్కినట్టు, గబగబా బండ మీది గోపురం దాకా ఎక్కేసేది. గురప్ప సగంలో నిలబడి రొప్పేవాడు.

"నిదానంగా పోవే! నాకోసం ఆగవా?"

"నేనాగితే మీరూ ఆగిపోతారు. రాండి, రాండి," అని ఆమె పైనుంచి నవ్వేది. కొంగుముడిలోంచి ఉడకబెట్టిన శనక్కాయలు తీసి, పొట్టు ఒలుచుకుంటూ, ఆయన వచ్చేలోగా సగం తినేసేది.