మా బావ పెంచిన స్పీడు

మా బావకి తాగుడు లేదు, పేకాట లేదు, నోటి దురుసు అసలే లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ యంత్రాన్నీ దాన్ని తయారుచేసినవాళ్ళు పెట్టిన స్పీడులో ఉండనివ్వడు. కొత్త ఫ్యాను బిగించగానే మనమైతే దాని కింద చాప పరుచుకుని పడుకుంటాం. బావ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, తల పైకెత్తి, దొంగని పట్టుకున్న పోలీసులా దాన్ని అనుమానంగా చూస్తాడు.

"ఇంకా దమ్ముంది దీంట్లో. కంపెనీవాళ్ళు దాచిపెట్టారు," అంటాడు.

ఆ మాట చెవిన పడిందంటే మా అక్క ఏ గదిలో ఉన్నా పరుగెత్తుకొస్తుంది. ఆ మాట వెనకాలే స్క్రూడ్రైవరు వస్తుందని కాపురానికొచ్చిన కొత్తల్లోనే తెలుసుకుంది పాపం.

ఓసారి వాషింగ్ మెషీను మీద పడ్డాడు. బట్టలు పిండే స్పీడు పెంచి మీట నొక్కాడు. అది గజగజ వణుకుతూ స్నానాల గదిలోంచి బయల్దేరి, నడవా దాటి, హాల్లోకొచ్చి సోఫా పక్కన నిలబడింది. వైరు అక్కడికే సరిపోయింది కాబట్టి ఆగింది గానీ, లేకపోతే వీధి గుమ్మం దిగి వెళ్ళిపోయేదే. అప్పటికి అక్క సోఫా మీదికెక్కి నిలబడి ఉంది.

"చూశావా, ఎంత దమ్ము దాచిపెట్టారో!" అన్నాడు బావ మురిసిపోతూ.

"అంత దమ్మున్నదైతే మళ్ళీ వెనక్కి నడిచి వెళ్ళమనండి!" అంది అక్క సోఫా దిగకుండానే.

అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తన కుట్టుమిషన్ను ఎలా వదులుతాడు? మోటారు మార్చాడు. పాపం అక్క పాదం అలా ఆనించిందో లేదో, ఎవరిదో జాకెట్టు చెయ్యి ఈ చివర నుంచి ఆ చివర దాకా మూతపడిపోయింది. దాంతోపాటు అక్క కట్టుకున్న చీర కొంగు కూడా కుట్టేసుకుంది. ఆ పూటంతా జాకెట్టుని వేలాడేసుకునే తిరిగి వంట చేసింది. భర్తతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఇంకా తీరిగ్గా పని చేసుకోవచ్చని బావ మిక్సీ విప్పాడు.

నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తాను. పిప్పిపన్ను చూపించుకోవడానికి బావని తీసుకెళ్ళడం నా బుద్ధితక్కువ. కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోరంతా తెరుచుకుని, అందులో దూది కుక్కి ఉండగా కూడా ఊరుకోలేదు. డాక్టరు చేతిలో డ్రిల్లు గుయ్యిమనగానే వేలు చూపించి ఏదో గొణిగాడు.

"ఏమంటున్నారమ్మా మీ బావగారు? నొప్పా?" అన్నాడు డాక్టరు కంగారుగా.

"నొప్పి కాదు సార్. దాంట్లో ఇంకా దమ్ముందంటున్నాడు," అన్నాను నేల చూపులు చూస్తూ.

ఇంతకీ బావ ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం. మీరు భయపడకండి, లిఫ్టు స్పీడు ముట్టుకోనివ్వరు, దానికి తాళం ఉంటుంది, ఆ తాళంచెవి సూపర్‌వైజరు మొలకి కట్టుకుని తిరుగుతాడు. కానీ తలుపులకి తాళం లేదు కదా. ఒక ఆఫీసులో లిఫ్టు తలుపులు టక్కున మూసుకునేలా చేశాడు. మర్నాడు ఆ ఆఫీసు మేనేజరు మూడో అంతస్తుకి చేరుకున్నాడు గానీ, ఆయన టిఫిన్ సంచి కిందే ఉండిపోయింది. పిడి మాత్రం ఆయన చేతిలోనే ఉంది. సూపర్‌వైజరు బావని పిలిచి, "నాయనా, నిన్ను పెట్టుకున్నది లిఫ్టు బాగుచేయడానికి, రాకెట్ వదలడానికి కాదు," అని దణ్ణం పెట్టాడు.

ఇలాంటి మనిషి ఇంట్లో, ఇంతకాలం స్క్రూడ్రైవరు తగలని యంత్రం ఒకే ఒక్కటి ఉండేది. అది మా నాన్న వీడియోగేమ్.

నిజానికి దాన్ని నాన్న మా అక్కచెల్లెళ్ళ కోసం కొన్నాడు. ఇప్పటివాళ్ళకి చూపిస్తే ఇస్త్రీపెట్టె అనుకుంటారు, అంత పాతది. ఆట క్యాసెట్టు నెత్తిన దూర్చి, ఒక్క గుద్దు గుద్దితే పనిచేస్తుంది. మేం దానితో ఆడింది తక్కువ. నాన్న బస్సు డ్రైవరు. రోజంతా బస్సు నడిపి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, టీవీ ముందు కూర్చుని కారు నడిపేవాడు. రిటైరయ్యి, అక్కావాళ్ళింటికి వచ్చేటప్పుడు కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు. బావ దానివైపు ఆశగా చూసిన ప్రతిసారీ నాన్న ఒకటే మాట అనేవాడు.

"అల్లుడూ, నా కూతుర్నిచ్చాను. ఈ డబ్బా మాత్రం అడక్కు."

అలాంటి నాన్నకి చిన్నపాటి పక్షవాతం వచ్చింది. మనిషి తొందరగానే లేచి తిరిగాడు, మాటా బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం మొరాయించింది. వేళ్ళు ఉన్నాయి గానీ చెప్పిన మాట వినవు. కసరత్తు చేయించడానికి వచ్చే ఫిజియో ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజూ పిసకమన్నాడు. నాన్న ఎడంచేత్తో దాన్ని అతని మీదికే విసిరాడు.

"చంటిపిల్లాణ్ణా నేను, బంతి పట్టుకుని కూర్చోడానికి?"

ఫిజియో మమ్మల్ని పక్కకి పిలిచాడు. "ఈ కొద్ది నెలలే ముఖ్యం. ఇప్పుడు వేళ్ళు కదిలిస్తే తిరిగొస్తాయి. కదిలించకపోతే అలాగే ఉండిపోతాయి. మీరు ఏం చేస్తారో, ఎలా చేస్తారో, ఆయన చేత ఆ వేళ్ళు ఆడించండి," అన్నాడు.

అక్క వెంటనే వీడియోగేమ్ తెచ్చి ముందు పెట్టింది. నాన్న మొహం వెలిగింది. కానీ ఆ ఆటలో మలుపు రాగానే యాక్సిలరేటర్ వదిలి బ్రేకు నొక్కాలి. అది కుడి బొటనవేలి పని. వేలు వెళ్ళేలోపు కారు వెళ్ళి గోడకి గుద్దుకుంది. మళ్ళీ మొదలుపెట్టాడు. అదే మలుపు, అదే గోడ. బస్సుకి గీత పడనివ్వని మనిషి ఆ గోడని ఎన్నిసార్లు గుద్దాడో చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి చేతిలోని కంట్రోలర్ కింద పెట్టేసి, డబ్బా మీద తువ్వాలు కప్పేశాడు.

"ఎవరికైనా ఇచ్చెయ్యండమ్మా. నాకిక వద్దు," అన్నాడు.

అప్పుడు, సరిగ్గా అప్పుడు, మా బావ తువ్వాలు తీసి డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మామయ్యా, తప్పు మీ చేతిది కాదు. బొమ్మలు గీసే చిప్పు పాతబడి ఈడుస్తోంది. మీరు నొక్కింది దానికి అందట్లేదు. ఇంకా దమ్ముంది దీంట్లో. నాకివ్వండి, స్పీడు పెంచిస్తాను."

అక్క, నేను ఒక్కసారే లేచాం.

"బుద్ధుందా బావా? మనిషే అందుకోలేక బాధపడుతుంటే మిషను స్పీడు పెంచుతానంటావేంటి!"

"మీకిది తప్ప ఇంకేం దొరకలేదా ఇంట్లో? కావాలంటే నా కుట్టుమిషను తీసుకోండి!" అంది అక్క. ఎంత తెగించిందో చూడండి.

నాన్న మాత్రం గోడవైపు తిరిగి, "చేసుకోనీవే. పాపం, ఎన్నాళ్ళనుంచో ఆశపడుతున్నాడు," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద డబ్బా విప్పాడు. బల్లంతా స్క్రూలు, ఇల్లంతా టంకం పొగ. ఒక చిన్న రేకు ముక్కని పట్టకారుతో పైకెత్తి నాకు పాఠం చెప్పాడు.

"దీన్ని క్రిస్టల్ అంటారు. ఇది పాటకి వేసినట్టు తాళం వేస్తుంటుంది, ఆ తాళానికి తగ్గట్టు చిప్పు బొమ్మలు గీస్తుంది. ఈ ఆటలో చిప్పు ఎంత చురుగ్గా గీస్తే రోడ్డు అంత చురుగ్గా కదులుతుంది. ఇది తీసేసి, తాళం మనిష్టమొచ్చినట్టు మార్చుకునే బోర్డు పెడుతున్నా. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు మరదలా."

"దీన్నే కొంప ముంచడం అంటారు బావా."

బావ నవ్వుతూ డబ్బా వెనక, వైర్ల సందులో, స్పీడు మార్చే కందిగింజంత నాబ్ బిగించాడు. చిప్పు వేడెక్కిపోతుందని దాని నెత్తిన అల్యూమినియం ముక్క అతికించి, పక్కన ఒక ఫ్యాను కూడా పెట్టాడు. మీట వేస్తే ఆ ఫ్యాను విమానం లేచినట్టు రొద చేసింది.

నాన్న చేతికి కంట్రోలర్ ఇచ్చి, "జాగ్రత్త మామయ్యా, మామూలు స్పీడు కాదు!" అని హాలు అదిరిపోయేలా అరిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. కారు బయల్దేరింది. మలుపొచ్చింది. నాన్న బొటనవేలు పాకుతూ పాకుతూ వెళ్ళి బ్రేకు మీద పడింది. కారు మలుపు తిరిగింది.

"తిప్పేశారు! ఇంత స్పీడులో తిప్పేశారు!" బావ ఎగిరి గంతేశాడు.

నాన్న టీవీని కాసేపు అదోలా చూశాడు. తర్వాత బావని చూశాడు. "ఇంకోసారి పెట్టు అల్లుడూ," అన్నాడు.

ఆ రోజునుంచి పొద్దున కాఫీ అవగానే ఆ ఫ్యాను రొద మొదలయ్యేది. అక్క దూది తెచ్చి చెవుల్లో పెట్టుకుని బట్టలు కుట్టుకునేది. ప్రతి ఆదివారం బావ "దుమ్ము దులుపుతా" అంటూ డబ్బా వెనక్కి దూరేవాడు. వీధిలో కనపడినవాళ్ళందరికీ "మా మామయ్య మామూలు మనిషి కాదండీ, నేను స్పీడు పెంచిన మిషన్నే ఓడిస్తున్నారు" అని చెప్పుకునేవాడు. నాన్న ఫిజియో ఇచ్చిన బంతి కూడా అడిగి తీసుకున్నాడు, పందేనికి ముందు చెయ్యి వేడెక్కించుకోడానికట.

కొన్నాళ్ళకి నేను అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి నాన్న స్నానానికి వెళ్ళాడు. కంట్రోలర్ ఖాళీగా ఉంది. నేను చిన్నప్పటినుంచి ఆ ఆటలో వంతెన దాటి ఎరగను. సరదాగా కూర్చున్నాను. వంతెన దాటాను. సొరంగం దాటాను. మొదటి స్థానంలో వచ్చాను.

"బావా! నేను గెలిచా! నువ్వు స్పీడు పెంచిన దాని మీద గెలిచా!"

బావ మొహంలో రక్తం లేదు. నన్ను రెక్క పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్ళి తలుపేశాడు.

"నువ్వు గెలిచావా? నువ్వా?"

"ఏం, నేను గెలవకూడదా?"

"గెలవకూడదే తల్లీ. నువ్వు గెలిచావంటే ఇంకా బాగా నెమ్మదిగా ఉందన్నమాట."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అంటే... నువ్వు స్పీడు..."

"గట్టిగా అరవకు! తగ్గించా. మొదటిరోజు సగానికి తగ్గించా. వారం వారం కాస్త కాస్త పెంచుకుంటూ వస్తున్నా. ఆటలో వచ్చే పాట వేరే చిప్పు నుంచి వస్తుంది కాబట్టి అది మామూలుగానే ఉంటుంది, ఎవరికీ తెలీదు."

"మరి ఆ ఫ్యాను?"

"ఉత్తుత్తిదే. ఆ చిప్పు ఐసుముక్కంత చల్లగా ఉంది. నెమ్మది చేశానని తెలిస్తే మామయ్య దాన్ని ముట్టుకుంటారా? జాలిపడ్డాననుకుంటారు. అందుకే పెంచానని అరిచా." బావ నా చేతులు పట్టుకున్నాడు. "నీకు పుణ్యం ఉంటుంది, ఎవరికీ చెప్పకు. నేను ఒక మిషను స్పీడు తగ్గించానని సూపర్‌వైజరుకి తెలిస్తే నా పరువేం కాను?"

నవ్వాలో, ఆ బట్టతల మీద ముద్దు పెట్టాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషినా నేను కొంప ముంచుతాడన్నది!

"కానీ ఒక్క సంగతి అంతు చిక్కట్లేదు," అన్నాడు బుర్ర గోక్కుంటూ. "ఆదివారం నేను పెట్టిన చోట నాబ్ ఉండట్లేదు. మళ్ళీ వారం చూసేసరికి ముందుకు జరిగి ఉంటోంది. జారడానికి అదేం వదులుగా లేదు, రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుంటే గానీ నాకే తిరగదు. బోర్డే పాడైందేమో. మార్చేయాలి."

ఇంతలో అక్క, మిక్సీ మూత రావట్లేదని వంటింట్లోంచి కేకేసింది. అది బావ బిగించిన మూత. తనే వెళ్ళాలి. నేను హాల్లోకి వచ్చాను.

నాన్న స్నానం చేసి వచ్చేశాడు. టీవీ బల్ల మీదికి వంగి, డబ్బా వెనక చెయ్యి పెట్టి ఉన్నాడు. నన్ను చూసి బిస్కెట్లు దొంగిలిస్తూ దొరికిపోయినవాడిలా బిగుసుకుపోయాడు.

"నాన్నా, నీకు తెలుసా?"

"జీవితమంతా బస్సు నడిపాను. బండి లాగుతోందో ఈడుస్తోందో తెలీదా నాకు? మొదటి మలుపులోనే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పనే? పెంచా పెంచా అని ఎగిరి గంతులేస్తుంటే, లేదు నాయనా తగ్గించావని మొహం మీద చెప్పనా? చిన్నబుచ్చుకోడూ?" నాన్న గొంతు తగ్గించి వంటింటి వైపు చూశాడు. "కానీ ఒకటి చెప్తా విను. స్పీడు విషయంలో మీ బావంత పిరికివాణ్ణి నేను చూడలేదు. వారానికి వెంట్రుకవాసి పెంచుతాడు. అలాగైతే నేనెప్పటికి తేరుకోను? అందుకే మిగతాది నేను పెంచుకుంటున్నా. నువ్వు కాస్త గుమ్మం దగ్గర నిలబడు."

నిలబడ్డాను. నాన్న మళ్ళీ వంగాడు. వైర్లు పక్కకి నెట్టి, ఆ కందిగింజంత నాబ్‌ని బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా నొక్కి పట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, మెల్లగా తిప్పాడు. అప్పుడు చూశాను, తిప్పుతున్నది కుడిచేత్తో.

వంటింట్లో మిక్సీ మూత టప్పున ఊడిన చప్పుడైంది. బావ అడుగులు ఇటే వస్తున్నాయి.

"త్వరగా కానీ నాన్నా," అన్నాను, "వచ్చేస్తున్నాడు!"