నేను తీసేసిన షరతు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు రామచంద్రపురంలో డీటీపీ సెంటరు ఉండేది. అప్పుడే తెలుగు టైపు చేసుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి, అడిగినవాళ్ళందరికీ, దాన్ని విప్పి మార్చుకోడానికి కావలసిన సోర్స్ కోడ్‌తో సహా ఫ్లాపీలో వేసి ఇచ్చేవాణ్ణి.

ఇచ్చే ముందు కాపీలెఫ్ట్ లైసెన్సు ఒకటి చదివాను. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. కానీ మార్చి పంచేవాళ్ళు తమ మార్పుల కోడ్ కూడా ఇవ్వాలి, పుచ్చుకున్నవాళ్ళకీ అవే హక్కులుండాలి. మొదటి మాటలన్నీ తెలుగులో రాసుకుని ఆ 'కానీ' తర్వాతది తీసేశాను. ఇచ్చినదానికి షరతేమిటని నా రోషం. పక్కింటావిడ పెరుగు తోడుకి గిన్నె పట్టుకొస్తే, 'రేపు నిన్నడిగినవాళ్ళకి నువ్వూ వెయ్యాలి' అని మా వైపు ఎవరూ అనరు. అంటే మనిషిని అవమానించినట్టే. తోడు లేదనే మనిషి ఉంటాడని నాకు తట్టలేదు.

మా సెంటరుకి రిటైరైన తెలుగు మాస్టారొకరు వచ్చేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో ముసలమ్మల దగ్గర కూర్చుని ఊడ్పుల పాటలు రాసుకొచ్చి, రెండు వేళ్ళతో టైపు చేసేవారు. నోటుపుస్తకాలకి చెదలు పట్టినా దిగులుపడలేదు. 'కంప్యూటర్లో ఉన్నాయి కదండీ, పూర్తయ్యాక ఒకేసారి ప్రింటు తీద్దాం' అనేవారు.

ఈలోగా రాజమండ్రిలో ఒకాయన నా ప్రోగ్రాం తీసుకుని, వత్తులు చక్కగా పడేలా మార్చి, అమ్మడం మొదలుపెట్టాడు. ఫైళ్ళు దాచే పద్ధతీ మార్చేశాడు. కంప్యూటరు వెనక అతనమ్మే ప్లగ్గులాంటి లాక్ ఒకటి తగిలిస్తే తప్ప అవి తెరుచుకోవు. కోడ్ అడిగాను.

'షరతేం లేదని మీరే రాశారు కదండీ' అన్నాడు.

మాస్టారు ఆ వత్తుల అందం చూసి దానికే మారారు, అంతకుముందు కొట్టిన పాటలన్నీ కూడా అందులోకే ఎక్కించారు.

నాలుగేళ్ళకి ఆ లాక్ పాడైంది. అమ్మినాయన అప్పటికే షాపు మూసేసి ఎటో వెళ్ళిపోయాడు. మాస్టారు పాటలున్న సీడీ పట్టుకుని నా దగ్గరకొచ్చారు.

'మొదట రాసింది మీరే కదండీ. మీరు తెరవలేరా?'

నెలరోజులు కుస్తీ పట్టాను. తెర మీద డబ్బాలూ ప్రశ్నార్థకాలూ తప్ప ఒక్క తెలుగక్షరం రాలేదు. అతను మార్చిన కోడ్ చేతిలో ఉంటే ఒక పూట పని. షరతు పెట్టడం పిసినారితనం అనుకున్నవాణ్ణి, అది ఇలాంటి మాస్టారి కోసం పెట్టిన కాపలా అని అప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వాక్యాన్ని నా ప్రోగ్రాం కొత్త కాపీలో చేర్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

'తప్పు నాదండి' అన్నాను మాస్టారితో.

ఆయన సీడీ పక్కన పెట్టారు. 'పోనీలెండి. గుర్తున్నవి చెప్తాను, మీరు కొట్టండి' అని ఒక పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం వచ్చింది. రెండోది రాలేదు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. మళ్ళీ అక్కడే ఆగిపోయారు.

'ఈ పాట ఎవరు పాడారండి? వెళ్ళి అడుగుదాం' అన్నాను.

'ఆవిడ పోయి రెండేళ్ళయిందండి' అన్నారు మాస్టారు.