పసుపు కింద పగులు

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా ఇంటికి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. అలాంటి ఇంటికి మా నాన్న పడవ తెచ్చాడు. ఎనభైల మొదట్లో మాట ఇది. ఆఫీసులో పై అధికారి ఒకాయన బదిలీ మీద పోతూ, తను సరదాగా నడుపుకునే పాత తెరచాప పడవను చవగ్గా ఇచ్చేశాడు. ట్రాలీ రిక్షా మీద అది మా గల్లీలోకి వస్తుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి నవ్వారు. "తాగనీకి నీళ్ళు లెవ్వు గని తిరగనీకి పడవ తెచ్చిండు" అంది మేడ మీది ఆమె. నాన్నకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇక ఆదివారాలు హుస్సేన్‌సాగర్ మీద షికారే అన్నాడు. నాకు కాలు నేల మీద నిలవలేదు.

పడవకు నీలం రంగు వేసి, ఆరడానికి వాకిట్లో బోర్లించాడు. నానమ్మ పూజకు దిగింది. కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందర కొబ్బరికాయ కొడతాం కదా. చక్రాల్లేని ఈ బండికి ఏం చేయాలో ఆమెకు పాలుపోలేదు. చివరికి పడవ మీదనే కొట్టమంది. మొదటి దెబ్బకు కాయ పగల్లేదు. నానమ్మ మొహం మాడిపోయింది. నాన్న కంగారుపడి రెండో దెబ్బ బలం కొద్దీ కొట్టాడు. కాయ రెండు చెక్కలైంది, అందరూ చప్పట్లు కొట్టారు. నేను వంగి కొబ్బరి ముక్కలు ఏరుతూ చూశాను. పడవ ముక్కు దగ్గర, కొత్త రంగు మీద, జానెడు పొడుగున సన్నటి పగులు. అంతలో నానమ్మ పసుపు ముద్ద తెచ్చి సరిగ్గా అక్కడే దట్టంగా పట్టించి, పైన కుంకుమ బొట్టు పెట్టింది.

నేను నోరు విప్పలేదు. శుభమా అని పూజ చేస్తుంటే పగులూ గిగులూ అంటే నానమ్మ నా వీపు విమానం మోత మోగిస్తుందని భయం. నిజం చెప్పాలంటే, చెబితే షికారు ఆగిపోతుందని అంతకంటే పెద్ద భయం.

ఆ ఆదివారం అమ్మ, నాన్న, నేను, మూడేళ్ళ తమ్ముడు ఎక్కాం. మాలో ఈత వచ్చింది నాన్నకొక్కడికే. ఒడ్డున మనుషులు చిన్నగా కనబడే వేళకు నా పాదాలకు చల్లగా తగిలింది. అడుగున నీళ్ళు. అలల తుంపరలే అన్నాడు నాన్న. కానీ ఆ రోజు అలలు లేవు. చెరువు నల్లగా, చప్పుడు లేకుండా పరుచుకుని ఉంది. అమ్మ నవ్వుతూ చెంబుతో తోడి పోస్తోంది, తోడిన కొద్దీ వస్తున్నాయి. నేను తమ్ముణ్ణి ఒళ్ళో అదిమి పట్టుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. తమ్ముడి కాళ్ళు తడవకుండా పైకి లాక్కున్నాను, అంతే. నీళ్ళు చీలమండలు దాటాక నాన్న నవ్వు ఆపేసి పడవను వెనక్కి తిప్పాడు.

ఇంటికి రాగానే, రక్షగా పెట్టిన పసుపు కొట్టుకుపోయిందని నానమ్మ ఇంకా మందంగా పసుపు పట్టించింది. ఒడ్డు చేరిన సంబరంలో నాన్న, చెక్క నాని ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకుంటాయని తేల్చేశాడు. వచ్చే ఆదివారం అత్తయ్య తన పిల్లలిద్దరితో వస్తుంది, నలుగురు పిల్లల్నీ చెరువు మధ్యదాకా తీసుకెళ్తానన్నాడు. ఆ వారమంతా రోజూ వాకిట్లోకి పోయి ఆ పసుపు వైపు చూసి వచ్చాను. శనివారం సాయంత్రం పక్కింటి చాచా దగ్గరికి పోయి, ఏడుస్తూ అంతా చెప్పేశాను. చాచా పంజగుట్టలో వడ్రంగి. పగులు ఎక్కడుందో అడిగి తెలుసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మామూలుగా వచ్చినట్టు వచ్చి, "భాయ్, పడవని నీళ్ళల్ల ఏసే ముందు పడవల నీళ్ళు పొయ్యాలె. మేం చెక్క తొట్టి చేస్తే గిట్లనే చూస్తం" అన్నాడు. తను పెట్టిన బొట్టు చెరపొద్దని నానమ్మ అడ్డం పడింది. "బొట్టు జోలికి నేనెందుకు పోత అమ్మా? లోపలికెల్లి జర చూస్త, గంతే" అన్నాడు.

బోర్లించి ఉన్న పడవను వెల్లకిలా తిప్పి, ముక్కు కిందికి వంచి ఇటుకల మీద పెట్టారు. నల్లా వచ్చే రోజు కాదది. అమ్మ గొణుక్కుంటూ డ్రమ్ములో దాచిన నీళ్ళు ఇచ్చింది. నాలుగు బిందెలు పోసినా ఏమీ కాలేదు. నాన్న నవ్వబోయాడు. అప్పుడు ముక్కు కింద ఒక పచ్చటి చుక్క వేలాడింది. తర్వాత ఎర్రటిది. చూస్తుండగానే పసుపు ముద్ద మొత్తం ఊడి నేల మీద పడి, వెనకే నీళ్ళు ధారగా దూకాయి. చాచా అక్కడ వేలితో నొక్కాడు. వేలు పుచ్చిన చెక్కలోకి దిగిపోయింది. అప్పటికే వచ్చి ఉన్న అత్తయ్య తన పిల్లలిద్దర్నీ కొంగుకేసి లాక్కుంది. నానమ్మ ఉన్నచోటే కూలబడింది. నాన్న వాకిట్లో పారుతున్న ఆ ఎర్రనీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు.

చాచా నా పేరెత్తలేదు. ఆ చెక్క తీసేసి కొత్తది వేస్తానని నాన్నకు ధైర్యం చెప్పాడు. పోయేటప్పుడు మాత్రం గోడ దగ్గర ఆగి, నాకొక్కదానికే వినబడేట్టు, "చెప్పినవ్, మంచిది బేటా. గని పోయిన ఐతారం తెలిసే ఎక్కినవ్ గద" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి పదిమంది సంబరంగా ఉన్నచోట ఏ తేడా కనబడినా నేను ఊరుకోను, పెళ్ళిపందిట్లోనైనా అనేస్తాను. మా వాళ్ళలో నాకు నోటి దురుసు అని పేరు. తమ్ముడొక్కడే నన్ను వెనకేసుకొస్తాడు, మా అక్కకు భయమంటే తెలియదని అందరికీ చెప్తాడు. వాడికిప్పుడు తల నెరిసింది. ఆ మొదటి ఆదివారం సంగతి వాడికి ఇంతవరకూ చెప్పలేకపోయాను.