కత్తెర తగలని బొంత

అప్పట్లో తిరుత్తణి బట్టలకొట్లలో టెరికాటన్ రకాలు చూపడానికి అరచేయంత శాంపిల్ ముక్కలుండేవి. పాతబడ్డవి తెచ్చుకుని మా మేనత్త బొంతలు కుట్టేది. వాటికి కత్తెర తగలనిచ్చేది కాదు.

"ఒగసారి తెగినదాన్ని మళ్ళా యాల తెంచేది?" అనేది.

మా చెల్లి పుట్టినప్పుడు కుట్టిన బొంతలో చివరి వరుస రెండు వేళ్ల మేర పొట్టిదైంది. ఇంకో ముక్క లేదు.

"నా కొంగు కత్తిరించుకో వదినా," అంది అమ్మ.

"వద్దు మే. వీటిల్లోనే ఉండాది," అంది అత్త.

ఆ వరుసంతా విప్పింది. ప్రతి అతుకు దగ్గరా లోపలికి మడిచిన అంచును రవ్వంత తగ్గించి మళ్ళీ కుట్టుకుంటూ పోయింది. నా కళ్లముందే వరుస పెరిగి పెరిగి అవతలి కొసను అందుకుంది.

ఆ బొంత మీద ఇప్పుడు చెల్లెలి మనవరాలు పడుకుంటుంది. నాలుగంచుల్లో పొట్టిదైన వరుస ఏదో ఎంత వెదికినా పోల్చుకోలేను.