నా ఇంటి అడ్రసు చెప్పని కరీం

నేను విశాఖలో కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అమీనాను. స్టీల్ ప్లాంటు పనులు మొదలయ్యాక అద్దెలు పెరిగి, ఇళ్లు ఖాళీ చేయించే కేసులూ పెరిగాయి. ఈ సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే, మా వీధి మొదట్లో సైకిల్ షాపు కరీం నన్ను ఆపాడు.

"బావా, మొన్న నువ్వు ఇల్లు కాలీ సేయించినోడు వచ్చినాడు. నీ ఇల్లెక్కడని అడిగితే, ట్రాన్స్‌ఫరై ఎలమంచిలి ఎల్లిపోనాడని సెప్పీసినాను."

"ఆరోజు ఆడిల్లు నాకు సూపించింది నువ్వే కదేటి?"

"అప్పుడు నీ సేతిలో కోర్టు కాయితం ఉంది. ఇయాల ఆడి సేతిలో కర్రుంది."

నవ్వుకుంటూనే ఇంటికొచ్చాను. వచ్చీ రాగానే గుమ్మం పక్కనున్న నా పేరుపలక మాత్రం ఊడదీశాను. కోర్టు ఉద్యోగి ఇంటి అడ్రసును కాపాడే చట్టమేదైనా మీకు తెలిస్తే చెప్పండి. అందాకా నాకు కరీమే దిక్కు.