మూట విప్పందే ముద్ద దిగని మా బావ

మూసి ఉన్న వస్తువు కంటబడితే మా బావకి ముద్ద దిగదు. దాన్ని విప్పాలి, లోపల ఏముందో చూడాలి, అక్కర్లేదనిపించింది తీసెయ్యాలి, తనకి తోచింది ఒకటి చేర్చాలి, మళ్ళీ బిగించాలి. బిగించాక ఎప్పుడూ ఒక స్క్రూ మిగులుతుంది. దాన్ని చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆ గలగల విని చిల్లర అడిగి భంగపడ్డ బస్సు కండక్టర్లున్నారు.

పెళ్ళైన కొత్తలో మా అక్క కుక్కర్ కొనుక్కుంది. బావ దాన్ని పొయ్యి ఎక్కనివ్వలేదు.

"ఒక్కసారి విప్పి చూద్దాం."

"కొత్తదండీ, పాడవలేదు."

"పాడవకముందే చూడాలే పిచ్చిదానా. పాడయ్యాక ఎవరైనా చూస్తారు."

ఆ పూట నుంచి కుక్కర్ విజిల్ వెయ్యడం మానేసి మూలగడం మొదలెట్టింది. ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని వంటింట్లోకి తొంగిచూసేవారు.

నేను పనిచేసే పత్రికాఫీసులోనే బావ కంప్యూటర్లు చూసేవాడు. చేతుల్లోకి ఫోన్లు ఇంకా రాని రోజులవి. మా హాల్లో ఒక గోడ గడియారం ఉండేది. 'ఉండేది' అన్నానంటేనే ఎవరు విప్పారో మీకు తెలిసిపోయుంటుంది. నా చేతి వాచీకీ అదే గతి పట్టింది. ఇక కంప్యూటర్ తెర మూలన కనబడేదే మాకు టైము. అంతకుముందు రోజూ వార్త ఆలస్యంగా ఇచ్చి ప్రెస్సు ఫోర్‌మన్ చేత చీవాట్లు తినేవాణ్ణి. తర్వాత నాకే బుద్ధొచ్చింది. గడువుకి ముందే ఇవ్వడం అలవాటైంది. సమయపాలన గురించి కొత్తగా చేరినవాళ్ళకి నీతులు కూడా చెప్పేవాణ్ణి.

మా మిషన్లని నడిపించేది లినక్స్ అనే సాఫ్ట్‌వేరు. మీట నొక్కగానే ముందుగా చిన్న మూట ఒకటి మెమరీలోకి దిగుతుంది. మిషను కళ్ళు తెరిచి, ఒళ్ళు విరుచుకుని, పనిలో పడడానికి కావలసిన సరంజామా అందులో ఉంటుంది. దాన్నే బూట్ ఇమేజ్ అంటారు. లినక్స్‌లో ఆ మూటని ఎవరైనా విప్పొచ్చు, మార్చొచ్చు, మళ్ళీ కట్టొచ్చు. ఈ సంగతి తెలిసిన రోజు బావ ముఖం చూడాలి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన్ని ఎవరో "విప్పుకోవయ్యా" అన్నారు మరి.

విప్పాడు. తిరిగి కట్టేటప్పుడు లోపలి సామాను మాత్రమే కట్టాల్సింది పోయి, సామాను పెట్టిన ఫోల్డరుతో సహా కట్టేశాడు. మిషను మూట తెరిస్తే లోపల మూసిన పెట్టె ఇంకోటి కనబడింది. బెంబేలెత్తి, నల్లటి తెర మీద ఏవేవో ఏడుపులు రాసి, కదలకుండా కూర్చుంది.

"ఏం చేశావు బావా?"

"ఏం లేదురా. పెట్టెలో పెట్టె పెట్టా."

"స్క్రూ మిగల్లేదా?"

"ఇందులో స్క్రూలుండవురా," అన్నాడు కాస్త దిగులుగా.

ఇలా సాగుతుండగా కొత్త మేనేజరు వచ్చాడు. పది కొత్త మిషన్లు తెప్పించాడు. వాటితోపాటే రెండు హుకుంలు. ఒకటి, పదింటిలోనూ ఒకే మూట ఉండాలి, తనే పోల్చి చూస్తాడు. రెండు, ఇకనుంచి ప్రూఫులు తెర మీదే చూడాలి. సోమవారం పొద్దున పరీక్ష. నెగ్గలేనివాళ్ళకి సీటు ఉండదు.

రెండో హుకుం ప్రూఫు పిన్ని గుండెల్లో రాయి వేసింది. కిటికీ పక్కన కూర్చుని అచ్చుతప్పులు దిద్దే ఆవిడ ఆఫీసంతటికీ పిన్ని. ఆవిడ కన్నుగప్పి తప్పు దాటిపోవడం కల్ల. కాకపోతే ఆ కళ్ళే మసకబారాయి. ఇన్నాళ్ళూ కాగితం మీద భూతద్దం పెట్టి నెట్టుకొచ్చింది. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే.

"తెర మీద భూతద్దం పెడితే అంతా చుక్కలే కనబడుతున్నాయి నాయనా," అని బావ దగ్గర వాపోయింది.

"ఒక్కసారి మిషను విప్పి చూస్తాను పిన్నీ."

"ముట్టుకోకు బాబూ! నా సీటుతోపాటు నీ సీటూ ఎగిరిపోతుంది."

ఆవిడ భయం ఉత్తదేం కాదు. మేనేజరుతో బావ మంతనాలు నేను స్వయంగా విన్నాను.

"సార్, ఒక్కసారి విప్పి..."

"విప్పకూడదు."

"విప్పి, ఊరికే చూసి..."

"చూడకూడదు."

ఆ వారం బావ చిక్కి సగమయ్యాడు. అక్క కంగారుపడి, బాగా పనిచేస్తున్న ఇస్త్రీపెట్టె తెచ్చి ముందు పెట్టి, "పోనీ దీన్ని విప్పుకోండి," అని బతిమాలింది. తాకలేదు. మనిషి మారిపోయాడని మేమంతా బెంగపెట్టుకున్నాం.

సోమవారం మేనేజరు పది మిషన్లూ పోల్చి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత పరీక్ష. పిన్ని తెరకి ముక్కు ఆనించలేదు. కుర్చీలో వెనక్కి చేరబడి, దొరసానిలా పేజీ చదివేసి, తప్పులన్నీ పట్టేసింది.

"కొత్త మిషను బంగారం అనుకో నాయనా!" అంది బయటికొచ్చి. "కళ్ళు పోయాయని ఇన్నాళ్ళూ ఉత్తినే ఏడ్చాను. ఆ పాడు కాగితానిదే తప్పు!"

ఆవిడ భోజనానికి లేచాక నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఉలిక్కిపడ్డాను. ఒక్కో అక్షరం దుకాణం బోర్డు మీదదంత ఉంది. తిన్నగా వెళ్ళి బావని నడవాలో పట్టుకున్నాను.

"విప్పావు కదూ?"

జేబు గలగలమంది. "అరవకురా. పదింటికీ ఒకే మూట, అందులో అబద్ధం లేదు. మేనేజరు పోల్చింది మూటల్ని కదా, లోపల ఏముందో ఆయన చూడలేదు. ప్రతి మిషనుకీ సొంత నంబరుంటుంది. లేవగానే నువ్వెవరో చూసుకో, కిటికీ పక్కదానివైతే అక్షరాలు పెద్దవి చేసుకో అని లోపల నాలుగు ముక్కలు రాశాను. అంతే."

"పిన్నికి తెలుసా?"

"ఎందుకూ? తప్పు కాగితం మీదికి నెట్టేసి హాయిగా ఉంది. ఉండనీ."

"ఇంకెవరికేం రాశావు?"

"ఆటల విలేకరికి గుండెదడ. మిషను లేస్తూ పెట్టే కూత ఆయనొక్కడికి తీసేశా."

"మరి నాకు?"

బావ పైకప్పు వంక చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"నీ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. పాత మిషన్‌లోనూ అంతేలే. ఫోర్‌మన్ నిన్ను అన్నేసి మాటలంటుంటే వినలేకపోయానురా."

సమయపాలన గురించి నేను చెప్పిన నీతులన్నీ వరసగా గుర్తొచ్చాయి. నా ముఖం చూసి బావ కంగారుపడ్డాడు.

"సరిచెయ్యమంటావా? ఎంతసేపురా, ఒక్కసారి విప్పితే..."

"వద్దు బావా. అలాగే ఉండనీ."

ఆయన ముఖం చిన్నబోయింది. అప్పటికే చెయ్యి స్క్రూడ్రైవర్ కోసం జేబులోకి వెళ్ళింది పాపం.