ముగ్గురి ఫోన్లూ ఒకే ఉతుకులో

ఇస్త్రీ ఆవిడ ఉందే, మనిషి పుల్లలా ఉంటుంది గానీ నోరు మాత్రం ఊరంత. ఆవిడ పెట్టె ఆనించిందంటే చొక్కా మీద ముడత కాళ్లొచ్చి పారిపోవాల్సిందే. ఆ లాండ్రీకి యజమాని లేడు, ఆఫీసూ లేదు. పనివాళ్లే సంఘం కట్టుకున్నారు. ఎవరి పేరు, ఎవరి పనితనం వాళ్ల ఫోన్లోనే ఉంటాయి, ఇంకెక్కడా ఉండవు. ఫోను పోతే, నువ్వు ముందే ఎంచుకున్న మనిషి తన ఫోన్లోంచి "ఇది అదే" అని సాక్ష్యం చెప్పాలి. అప్పుడే నువ్వు నువ్వు.

ఈ మహాతల్లులు ఏం చేశారూ? ఇస్త్రీ ఆవిడ ఉతికే ఆవిణ్ణి పెట్టుకుంది, ఉతికే ఆవిడ మడతలావిణ్ణి, మడతలావిడ మళ్లీ ఈవిణ్ణే.

ఓ సాయంత్రం కబుర్లలో పడి ముగ్గురూ ఏప్రన్లు విప్పి ఒకే మిషన్లో పడేశారు. ఫోన్లు జేబుల్లోనే. లోపల టకటకమంటుంటే గుండీలేమో అనుకున్నారట! కొత్త ఫోన్లయితే వచ్చాయి, సాక్ష్యం చెప్పేదెవరు? నేనెవరో నువ్వు చెప్పాలి, నువ్వెవరో అది చెప్పాలి, అదెవరో నేను చెప్పాలి. గానుగెద్దు తిరిగినట్టు తిరిగి తిరిగి అక్కడికే. కడుపు పట్టుకుని నవ్వారు.

రేపటి నుంచి పెద్ద ఆవిరి మిషను ఇస్త్రీ ఆవిడది కావాలి. ఏళ్ల తరబడి దాని కోసమే కాచుకుంది. పేరు లేనివాళ్లకి సాక్సులు జత కలిపే పనే అని సంఘంవాళ్లు అనేసరికి ఆవిడ నవ్వు ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండో సాక్షిగా తోడికోడల్ని కూడా పెట్టింది, ఇద్దరూ రాసుకుపూసుకు తిరిగే రోజుల్లో. ఇప్పుడు జల్లెడ గొడవతో మాటల్లేవు. ఏం చేస్తుంది, కబురంపింది.

తోడికోడలు తీరిగ్గా వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. సాక్షి ఆనవాళ్లు నలుగురిలో చెప్పాలి, ఇస్త్రీ ఆవిడ ఒప్పుకోవాలి, అదీ పద్ధతి.

"కూర మాడ్చి నెపం పొయ్యి మీద తోస్తుంది. గురక పెట్టి మా మరిది మీద తోస్తుంది. నా జల్లెడ పట్టుకుపోయి, చూడనే లేదంటుంది. అవునా కాదా?"

"అన్నీ అవునక్కా."

"కలిపి కుదరదు. విడివిడిగా చెప్పు."

కూర అవునంది. గురక అవునంది. జల్లెడ దగ్గరికొచ్చేసరికి ఆవిరి మిషను వైపు చూసింది, సాక్సుల గంప వైపు చూసింది.

"మా అటక మీదుంది."

లాండ్రీ లాండ్రీ అంతా గొల్లున నవ్వింది. "ఇది అదే," అని ఫోను నొక్కింది తోడికోడలు, కళ్లు తుడుచుకుంటూ.

ఇక మడతలావిడకి సాక్ష్యం ఇస్త్రీ ఆవిడే చెప్పాలి. మడతలావిడ రేపు చూద్దాంలే అంటూ గుమ్మం వైపు జరిగింది. ఈవిడ అప్పటికే కుర్చీలో సర్దుకుంది.

"ఎక్కడికే, రా. నలుగురూ ఇక్కడే ఉన్నారు."